రొమ్ము పరీక్షకు మోకాళ్ళు వచ్చిన రోజు

ఆదోని నుంచి ఎమ్మిగనూరు దాకా మేం నడిచిన క్యాన్సర్ నడక గురించి మా మార్కెట్ యార్డులో ఇప్పటికీ ఒక కథ చెప్పుకుంటారు. మా జట్టు మైకు పట్టుకుని దారి పొడుగునా ఊరూరా పిలిచిందట. అంత పిలిచినా పల్లెల ఆడవాళ్ళు రాలేదట. "మనోళ్ళకు ఎంత సెప్పినా అంతేలేప్పా" అని ముగిస్తారు. ఆ కథలో మొదటి సగం నిజం. రెండో సగం నేను పుట్టించింది. ఆ రోజు మైకు నా చేతిలో ఉంది. చెప్పమన్న మాట నేను చెప్పలేదు. చెప్పలేదన్న సంగతి కూడా ఏడాది పాటు ఎవరికీ చెప్పలేదు.

యార్డులో ఈ మధ్య చేరిన పిల్లలకు నేనెవరో తెలియదు కాబట్టి ముందు నా ఉద్యోగం గురించి చెప్పాలి. నేను పాట పాడేవాణ్ణి. వేలంపాట. మీకిప్పుడు ధరలు కంప్యూటర్లో పడుతున్నాయి, ఎవరూ గొంతు చించుకోనక్కర్లేదు. మా రోజుల్లో పత్తి కుప్ప కుప్పకూ ఒక మనిషి నిలబడి అరవాల్సిందే. చుట్టూ వ్యాపారులు, వాళ్ళ వెనక గుమాస్తాలు, కుప్ప పక్కన గొంతుక్కూర్చుని నా నోటి వంకే చూసే రైతు. ఒక సేటు కనుబొమ్మ ఎగరేస్తే రేటు పెంచాలి. ఇంకో సేటు ముక్కు గోక్కుంటే మళ్ళీ పెంచాలి. ముక్కు నిజంగానే దురదపెట్టి గోక్కున్న ఒక పెద్దమనిషికి ఒకసారి కుప్పెడు తడి పత్తి అంటగట్టాను. ఆయన ఆ తర్వాత యార్డుకు వచ్చినంతకాలం చేతులు వెనక్కి కట్టుకునే నిలబడ్డాడు.

పాటకు ఒకటే నియమం. పెరగాలి గానీ తగ్గకూడదు. ఈ కుప్ప దగ్గర గొంతు ఎంత లేచిందో, పక్క కుప్ప దగ్గర దానికి మించి లేవాలి. ఇరవై ఏళ్ళకు పైగా అలా అరిచిన నాలుకకు తగ్గడం అంటే ఏమిటో తెలియకుండా పోయింది. తర్వాత జరిగినదానికి సగం కారణం ఆ అలవాటే. మిగతా సగం సిగ్గు.

కంప్యూటర్లు వచ్చాక నన్ను ఆఫీసు మైకు దగ్గర కూర్చోబెట్టారు. లాట్ నంబర్లు చదవడం, గేటుకు అడ్డంగా ఆటోలు పెట్టొద్దని బతిమాలడం, అంతే పని. వయసింకా యాభై దాటలేదు గానీ నా గొంతుకు మాత్రం రిటైర్మెంట్ ఇచ్చేశారు. అలా ఉన్నప్పుడు ఒక ట్రస్టు వాళ్ళు వచ్చి, క్యాన్సర్ కోసం నడక పెడుతున్నాం, ఆదోనిలో బయల్దేరి ఎమ్మిగనూరులో ముగుస్తుంది, మిల్లు నుంచి ఒక జట్టు, కాలేజీ నుంచి ఒక జట్టు వస్తున్నాయి, యార్డు నుంచి కూడా ఒక జట్టు కావాలి అన్నారు. మేం నడిస్తే దాతలు డబ్బిస్తారట. ఆ డబ్బుతో తెచ్చిన పరీక్షల బండి ఎమ్మిగనూరులో నిలబడి ఉంటుందట. దారి పల్లెల ఆడవాళ్ళను ఆ బండి దగ్గరికి పిలవడం జట్ల పని. ఎక్కువ మందిని రప్పించిన జట్టుకు షీల్డు.

పిలవడం అనగానే అందరూ నా వైపు చూశారు. నేను అప్పటికే చొక్కా సర్దుకుంటున్నాను.

జట్టుకు నేను నాయకుణ్ణి. కానీ దాని వెనక ఉన్న మనిషి వేరే. మా యార్డులో పత్తిలోంచి ఆకూ తొక్కా ఏరే ఆడవాళ్ళకు ఒక మేస్త్రి ఉంది. అందరం మేస్త్రమ్మ అంటాం. ఆమె నోటికి జడిసి కమీషన్ దుకాణాల యజమానులు కూడా కూలి డబ్బు బాకీ పెట్టరు. రెండేళ్ళ ముందు ఆమె కర్నూలులో ఆపరేషన్ చేయించుకుని వచ్చింది. గర్భసంచి ఆపరేషన్ అని మాకు చెప్పింది. నడక ఖాయమయ్యాక ఒక రోజు నన్ను గోడౌను పక్కకు పిలిచి అసలు సంగతి చెప్పింది.

"అన్నా, నాకు తీసేసింది గర్భసంచి గాదు. రొమ్ము. గడ్డ తగిలింది పత్తి సీజన్ మొదట్లో. సీజన్ అయిపోనీలే, పని పోతాదని గమ్మునుండినా. ఆ ఆగిండేదానికే డాక్టరు నన్ను తిట్టినాడు సూడు, మా నాయిన గూడా అట్ల తిట్టలా. నా మాదిరి ఇంకొకతి ఆగగూడదు. నువ్వు ఊరూరా సెప్పల్ల. ఎమ్మిగనూర్లో నేను బండి దగ్గర కూసోనుంటా. వచ్చినోళ్ళకు నా కత నేనే సెప్తా."

"ఏమని సెప్పల్లమ్మా?" అన్నాను.

"రొమ్ములో గడ్డ ఉంటే సిగ్గుపడొద్దు, ఆడ డాక్టరే సూస్తాది, రండి అని సెప్పు. సెప్తావు గదా?"

"పాట పాడినోణ్ణి, నాకు అదెంత పని!" అన్నాను. అప్పటికి అది నిజమనే అనుకున్నాను.

రాత్రి ఇంట్లో అద్దం ముందు నిలబడి అభ్యాసం మొదలుపెట్టాను. "సోదరీమణులారా" దాకా బాగానే వచ్చింది. తర్వాతి మాట దగ్గర దగ్గు వచ్చింది. మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ దగ్గే. వంటింట్లోంచి మా ఆవిడ, "ఏమయింది, గొంతులో మిరపకాయ ఇరుక్కుందా?" అని అడిగింది. విషయం చెప్పాను. ఆమె చేట పక్కన పెట్టి నవ్వింది. "పెండ్లయి ఇన్నేండ్లు. నా ముందర ఎప్పుడన్నా ఆ మాట అన్నావా? ఇప్పుడు ఎమ్మిగనూరు రోడ్డంతా అంటావంట!"

నడక రోజు తెల్లవారుజామున యార్డు గేటు దగ్గర చేరాం. ట్రస్టు వాళ్ళు గులాబీ రంగు బనీన్లు ఇచ్చారు. అవి ఎవరి కొలతలకు కుట్టారో గానీ మా హమాలీల భుజాలకు పట్టలేదు. ఒకడు లాగితే చంక దగ్గర చిరిగింది. మిగతావాళ్ళు తలకు చుట్టుకున్నారు. కాలేజీ జట్టు మాస్టర్లు ఆ తలపాగాలు చూసి ముసిముసిగా నవ్వుకున్నారు. అందరం ఉగ్గాని బజ్జీ తిని బయల్దేరాం. మూట మోయకుండా నడవడం హమాలీలకు చేతకాలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఊపుకుంటూ, అడుగు తడబడుతూ వచ్చారు. ఊరు దాటేలోపు ఒకతను మా వెంట వస్తున్న వ్యాన్‌లో ఉన్న నీళ్ళ ప్యాకెట్ల మూట అడిగి తీసుకుని వీపున వేసుకున్నాడు. అప్పుడు కుదిరింది నడక. మిగతావాళ్ళు దానికోసం వంతులు వేసుకున్నారు.

వరసలో ముందు నేను, నా చేతిలో మైకు. నా పక్కన హమాలీలు. బాగా వెనక మేస్త్రమ్మ, ఆమె ఆడవాళ్ళు. రోడ్డు మీద లారీల రొద. మైకు గొట్టం ముందుకే చూస్తుంది కాబట్టి నేనేం అంటున్నానో వెనక వాళ్ళకు గోల తప్ప మాట వినపడదు.

మొదటి ఊరు వచ్చింది. మైకు నోటి దగ్గర పెట్టుకున్నాను. పక్కనున్న కుర్ర హమాలీ నా మోచేయి పట్టుకున్నాడు.

"అన్నా, ఇది మా అత్తగారూరు."

"అయితే ఏమప్పా?"

"అదిగో, ఆ కట్ట మీద కూసున్నాడే, ఆయనే మా మామ. పక్కన ఉండేది ఆయన తమ్ముడు. ఈడ మైకులో నువ్వు ఆ మాట అన్నావంటే నేను ఉగాదికి అల్లునిగా ఏ మొగం పెట్టుకుని రావల్ల?"

"మంచి మాటే గదప్పా."

"మంచిదే. పక్కూర్లో సెప్పు. ఈ ఒక్క ఊరు ఇడ్సిపెట్టు, నీకు దండం పెడతా."

ఇప్పుడు నిజం చెప్పాలి. వాడు దండం పెట్టకపోయినా నేను ఏదో ఒక సాకు వెతుక్కునేవాణ్ణే. వాడు నాకు దారి చూపించాడు. నేను గొంతు సవరించుకుని, "అయ్యలారా, అమ్మలారా! ఎమ్మిగనూరులో ఉచిత వైద్య పరీక్షలు! పెద్ద డాక్టర్లు వచ్చినారు, రండి!" అన్నాను. కట్ట మీది ముసలాయన ఒకరు చేయి ఊపాడు. ఆ చేయి ఊపడమే నన్ను చెడగొట్టింది. పాటగాడికి ఎదురుగా ఒక చేయి లేస్తే ఒళ్ళు తెలియదు.

రెండో ఊరికి ఉచిత పరీక్షలతో పాటు ఉచిత మందులు చేరాయి. మొదటి ఊరి కన్నా తగ్గించి ఎలా చెప్పను? మూడో ఊరి దగ్గర, "మోకాళ్ళ నొప్పులు, నడుం నొప్పులు, కండ్ల మసకలు, అన్నిటికీ ఒకటే చోటు!" అన్నాను. ఆ తర్వాతి ఊర్లో కళ్ళజోళ్ళు ఇచ్చేశాను. జనం ఆటోలు మాట్లాడుకోవడం కళ్ళారా చూశాను. హమాలీలు నన్ను ఆపాల్సింది పోయి ఎగదోశారు. "ఇంకా పెంచన్నా, మిల్లోళ్ళకు షీల్డు పోకూడదు!" అని ఒకడు. ఎమ్మిగనూరు పొలిమేర దగ్గరికి వచ్చేసరికి సూది మందు కూడా పాటలో పెట్టాను. ప్రతి ఊరి దగ్గరా ఆ మాట గొంతు దాకా వచ్చేది. మోకాలు దాన్ని అడ్డుకునేది.

మధ్యలో నీళ్ళకు ఆగినప్పుడు మేస్త్రమ్మ కుంటుకుంటూ ముందుకు వచ్చింది. ఆపరేషన్ చేసిన వైపు చెయ్యి వాచింది. దాన్ని రెండో చేత్తో పట్టుకుని ఉంది.

"వ్యాన్‌లో కూసోరాదామ్మా" అన్నాను.

"నేను వ్యాన్ ఎక్కితే ఇంక నడకెవరిదన్నా? జనం ఆటోలెక్కేది సూసినా. నీ గొంతు బంగారం గాను!" అని మళ్ళీ వెనక్కి పోయింది.

ఎమ్మిగనూరులో షామియానా వేసి, పక్కన బండి నిలబెట్టారు. మేం చేరేసరికి వరస రోడ్డు దాకా వచ్చింది. అంతా పంచెలు, చేతికర్రలు. కళ్ళమీద చెయ్యి అడ్డం పెట్టుకున్నవాళ్ళు కొందరు. చుట్ట ఆర్పి చెవిన పెట్టుకున్నవాళ్ళు కొందరు. ఒకాయన ఎద్దును తోలుకొచ్చాడు. దాని గిట్టలో ఏదో బాధట. "అన్నిటికీ ఒకటే చోటు అంటిరి గదప్పా" అని నన్నే నిలదీశాడు.

మిల్లు జట్టు, కాలేజీ జట్టు తెచ్చిన కొద్దిపాటి ఆడవాళ్ళు ఈ మగమంద చూసి, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని వచ్చిన దారినే వెళ్ళిపోయారు. అది కూడా నా లెక్కలోనే రాసుకోవాలి.

బండిలోని డాక్టరమ్మ మెట్టు మీదికి వచ్చి చూసి నోరు తెరిచింది. వరసలో ముందున్న తాత పంచె పైకెత్తి మోకాలు చూపించాడు.

"ఇది ఆడవాళ్ళ బండి, తాతా."

"ఎవురిదైతే ఏమిలేమ్మా, రొంత సూడు. మైకులో నా మోకాలు సంగతే సెప్పినారు."

"ఇందులో మోకాలు చూసే మిషను లేదు."

"ఉండే మిషన్లోనే పెట్టి సూడు తల్లీ. ఇంత దూరం వచ్చినా."

ఆమె పాపం ఆరోజు సాయంత్రం దాకా మోకాళ్ళే చూసింది. తన సంచిలో ఉన్న నొప్పి మాత్రలు అయిపోతే మనిషిని పంపి తెప్పించింది. మేస్త్రమ్మ షామియానా కింద వేసుకున్న కుర్చీలో అలాగే కూర్చుని ఉంది, ఎదురుగా ఖాళీ కుర్చీతో. ఎవరైనా ఆడమనిషి వస్తుందేమోనని రోడ్డు వైపే చూస్తోంది. అప్పటిదాకా నాకు నవ్వు వస్తూనే ఉంది. ఆ ఖాళీ కుర్చీ చూశాక రాలేదు.

షీల్డు మాకే వచ్చింది. తలలు లెక్కపెట్టారు, మోకాళ్ళా కాదా అని చూడలేదు. నాకు శాలువా కప్పారు. తర్వాత ట్రస్టు పెద్దాయన మమ్మల్ని పక్కకు పిలిచి, ఆడవాళ్ళు ఎందుకు రాలేదని మర్యాదగానే అడిగాడు. మా యార్డు ఆఫీసరు నన్ను చూడలేదు. మేస్త్రమ్మను చూశాడు. "ఆడోళ్ళకు అర్థమయ్యేటట్లు చెప్పే బాధ్యత ఈమెది సార్" అన్నాడు. నాకు నోరుంది. శాలువా కూడా ఉంది. బూటు విప్పి అరికాలి బొబ్బ చూసుకుంటూ కూర్చున్నాను.

వాళ్ళు వెళ్ళాక ఆమె నా దగ్గరికి వచ్చింది.

"మైకులో సెప్పినావు గదన్నా?"

"సెప్పినా."

"అన్ని ఊర్లలో?"

"అన్ని ఊర్లలో."

"అయితే విని గూడా రాలేదు" అంది. ఆమె ముఖం అప్పుడు ఎలా మారిందో నాకు బాగా గుర్తుంది. అందులో నా మీద అనుమానం లేదు. రాని ఆడవాళ్ళ మీద అసహ్యం ఉంది.

పిల్లలూ, పని చేసే చోట అబద్ధాలు చాలా చూస్తారు. చాలావాటితో ఒక రేటు తేడా వస్తుంది, ఒక బస్తా తేడా వస్తుంది. నా రెండు మాటల అబద్ధంతో ఒక మనిషి తన వాళ్ళ మీద నమ్మకం వదులుకుంది. ఆ తర్వాత మేస్త్రమ్మ తన కథ ఎవరికీ చెప్పలేదు. ఏరే ఆడవాళ్ళలో ఎవరైనా తలనొప్పి అంటే, "సెప్పినా ఇనే జాతి గాదు మీది, సావండి" అని కసిరేది. ఆమె నోరు ఎప్పుడూ పదునే. ఇప్పుడు అందులో నవ్వు పోయింది. నేను వాళ్ళు పత్తి ఏరే షెడ్డు వైపు పోవడం తగ్గించాను. నడక గురించి ఎవరైనా ఎత్తితే ఎద్దు కథ చెప్పి నవ్వించి మాట మార్చేవాణ్ణి. ఎద్దు కథ నాకు ఏడాది పాటు అన్నం పెట్టింది. నా పక్కన నడిచిన హమాలీలు కూడా షీల్డు పరువు పోతుందని నోరు విప్పలేదు.

తర్వాతి ఏడు ట్రస్టు వాళ్ళు మళ్ళీ ఫోన్ చేశారు. బండి పంపమంటారా అని. ఆ తర్వాత ఏమైందో ముందే చెప్పేస్తాను, చివర్లో చెప్పాల్సింది వేరే ఉంది కాబట్టి. బండి వచ్చింది. ఈసారి మైకు మేస్త్రమ్మ చేతిలో ఉంది. నా చేతిలో నీళ్ళ ప్యాకెట్ల మూట. ఆడవాళ్ళు వచ్చారు, నడిచీ, ఆటోల్లోనూ. వాళ్ళలో ఒకామెను డాక్టరమ్మ అప్పటికప్పుడు కర్నూలు పంపింది. ఆలస్యమైంది గానీ మించిపోలేదంది. ఆమెకు ఆపరేషన్ అయింది, ఇప్పుడు ఇంట్లో తిరుగుతోంది. కానీ ఆమె ఆ గడ్డను ఒక ఏడాది ఊరికే మోసింది. ఆ ఏడాది నేను మోయించింది. ఇవేవీ జరగకుండా పోయేవే, ఆమె కోడలు మా యార్డులో పనికి చేరకపోయి ఉంటే.

ఫోన్ వచ్చిన రోజు ఆఫీసరు నన్నే పంపాడు, మేస్త్రమ్మను కనుక్కుని రమ్మని. షెడ్డు గుమ్మం దగ్గరికి పోయి అడిగాను. ఆమె పత్తి కుప్ప మీది నుంచి తల ఎత్తకుండానే, "వద్దని సెప్పు. మా వాళ్ళు ఇనీ రాని వాళ్ళు. ఆ బండి ఇనే ఊర్లకు పోనీ" అంది.

కొత్తగా చేరిన కోడలుపిల్ల అక్కడే కూర్చుని తొక్క ఏరుతోంది. మేం నడిచిన దారిలోనే, మూడో ఊరు ఆమె అత్తగారి ఊరు. నన్ను గుర్తుపట్టలేదు.

"అక్కా, మేమెప్పుడు ఇన్న్యాం?" అంది.

"పోయినేడు మైకులో సెప్పలేదా మీ ఊర్లో?"

"మోకాళ్ళ డాక్టరని సెప్పినారక్కా. మా మామ పోయినాడు. రెండు మాత్రలిచ్చినారని తిట్టుకుంటా వచ్చినాడు. మా అత్తకు రొమ్ములో గడ్డుంది, ఎవురికీ సెప్పదు, ఆమెకు నీళ్ళు పోసేటప్పుడు నాకు కనపడింది. అట్లాంటి డాక్టరు వచ్చిందని తెలిసుంటే నేనే ఎత్తుకొని పోయిందును."

మేస్త్రమ్మ చేతిలో పత్తి కింద పడేసింది. "అబద్ధాలాడతావా! మీరు రాకుండా, తప్పు మైకు మీద పెడతావా? సెప్పినోడు ఎవురనుకున్నావు? ఆ అన్న ఇరవై ఏండ్లు ఈ యార్డులో పాట పాడినాడు. రేటు తప్పు సెప్పింది ఎప్పుడన్నా ఇన్న్యావా? ఆయన సెప్పినా అన్న్యాడంటే సెప్పినాడు. ఇంగొక మాటన్న్యావంటే రేపట్నించి పనికి రావద్దు."

"నేనబద్ధమాడలా అక్కా" అని ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంటూ లేచి, ఒళ్ళోని పత్తి దులుపుకుంది. షెడ్డులో ఏరే చేతులన్నీ ఆగిపోయాయి.

మేస్త్రమ్మ నా వైపు తిరిగింది. "నువ్వే సెప్పన్నా ఈ పిల్లకు!"

ఎద్దు కథ కూడా గుర్తుకు రాలేదు. లోపలికి పోయి, పత్తి మీద ఆమె ఎదురుగా కూలబడ్డాను. ఇరవై ఏళ్ళు అరిచిన గొంతు, పక్కన కూర్చున్నవాళ్ళు ముందుకు వంగితే తప్ప వినపడనంతగా వచ్చింది.

"ఆ పిల్లను కూసోమనమ్మా. ఆమె సెప్పింది నిజం. రొమ్ము అనే మాట నేను ఏ ఊర్లోనూ అనలేదు. సిగ్గుపడి మోకాళ్ళన్న్యాను. నువ్వడిగితే సెప్పినా అని అబద్ధమాడినా. నిన్ను ఆఫీసరు అంటాంటే గమ్మునుండినా. మీ ఆడోళ్ళు రాకుండా పోలేదు తల్లీ. నేనే పిలవలేదు. తప్పు నాది, నన్ను మన్నించు."